వెండి కప్పు – ఉప్పుగాలి



ఫుట్‌బాల్ పోటీ ముగిసిన తర్వాత మనందరి కళ్ళూ ఒకే వస్తువు మీద ఉంటాయి. గెలిచిన జట్టు నాయకుడు దాన్ని రెండు చేతులా పైకెత్తుతాడు. ఫొటోలు తీస్తారు, చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఆ కప్పు ఏమవుతుంది? దాన్ని ఎవరు చేశారు, ఎలా చేశారు? నల్లబడినా, సొట్ట పడినా ఎవరు బాగుచేయాలి? ఈ ప్రశ్నలను మనం సాధారణంగా వేసుకోం. ఈనాటి ప్రసంగంలో వాటినే తీసుకుందాం. ఉదాహరణగా అండమాన్ నికోబార్ దీవులను ఎంచుకున్నాను. వెండికి ఇంతకంటే గట్టి పరీక్ష పెట్టే వాతావరణం మన దేశంలో తక్కువ చోట్ల ఉంటుంది.

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాను. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరును శ్రీ విజయపురం అని మార్చారు. అక్కడ ఒక బడిలో పాత ఫుట్‌బాల్ కప్పు ఒకటి ఉండేది. బీరువాలో ఉండి ఉండి బొగ్గులా నల్లబడింది. వార్షికోత్సవం దగ్గర పడుతోందని దాన్ని మెరుగు పెట్టించే బాధ్యత నాకు అప్పగించారు. నేను ఒక దుకాణంలో ఇచ్చాను. మర్నాటికి అద్దంలా తళతళలాడుతూ తిరిగి వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి, కప్పును చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఒకచోట తడిమి చూశారు. "మాస్టారూ, ఇక్కడ మా జట్టు పేరు ఉండాలండీ" అన్నారు. అక్కడ ఏమీ లేదు. మోటారు చక్రం నలుపుతో పాటు ఆ అక్షరాలనూ అరగదీసేసింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నా దగ్గరా సమాధానం లేదు. ఈ ప్రసంగం రాయడానికి కారణం ఆ సాయంత్రమే.

కప్పులో వెండి ఎంత?

"వెండి కప్పు" అని మనం పిలిచేవన్నీ వెండివి కావు. అవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది నిజమైన వెండి. స్వచ్ఛమైన వెండి మరీ మెత్తన. అందుకని వెయ్యి భాగాలలో 925 భాగాలు వెండి, మిగిలినది సాధారణంగా రాగి కలుపుతారు. దీనినే స్టెర్లింగ్ వెండి అంటారు. మన దేశంలో హాల్‌మార్క్ వేసే వెండి తరగతులలో ఈ 925 కూడా ఒకటి.

రెండవది పూత వెండి. లోపల ఇత్తడో, మరో లోహమో ఉంటుంది, పైన పలచని వెండి పొర ఉంటుంది. విద్యుత్తుతో ఇలా పూత వేసే పద్ధతికి 1840లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ సంస్థవారు పేటెంటు పొందారు. దానితో తక్కువ ఖర్చులో కప్పులు చేయడం వీలయింది.

మూడవది మన ఇళ్ళలో అందరికీ తెలిసిన జర్మన్ సిల్వర్. పేరులో వెండి ఉంది కానీ లోహంలో లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం.

పూత ఎంత పలచగా ఉంటుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. కప్పు ఉపరితలం వెయ్యి చదరపు సెంటీమీటర్లు అనుకోండి. దానిమీద పది మైక్రాన్ల పూత, అంటే మిల్లీమీటరులో నూరవ వంతు. వైశాల్యాన్ని మందంతో గుణిస్తే ఒక ఘన సెంటీమీటరు వస్తుంది. వెండి సాంద్రత సుమారు పదిన్నర, కాబట్టి ఆ కప్పు మొత్తం మీద ఉన్న వెండి పదిన్నర గ్రాములు మాత్రమే! ఒక ఆంపియరు విద్యుత్తును గంటసేపు పంపితే దాదాపు నాలుగు గ్రాముల వెండి పేరుకుంటుంది. ఈ లెక్కన ఆ పూతకు రెండున్నర ఆంపియర్-గంటల పైచిలుకు సరిపోతుంది. ఇంత కొద్దిగా ఉన్న వెండిని ఏటా మోటారు చక్రం కింద పెడితే ఎన్నాళ్ళు నిలుస్తుందో మీరే ఊహించండి.

కంసాలి చేతిలో కప్పు

ఇప్పుడు నిజమైన వెండి కప్పు ఎలా పుడుతుందో చూద్దాం. వెండినీ రాగినీ మూసలో కరిగిస్తారు. స్వచ్ఛమైన వెండి సుమారు 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. రాగి కలిసిన స్టెర్లింగ్ 900 డిగ్రీల లోపే పూర్తిగా ద్రవమవుతుంది. దాన్ని దిమ్మగా పోసి, రోలర్ల మధ్య నడిపి రేకు తీస్తారు. ఒక మిల్లీమీటరు మందం, ముప్ఫై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రని రేకు బరువు దాదాపు 730 గ్రాములు. ఒక మాదిరి కప్పు గిన్నె అంతా ఆ రేకులోంచే వస్తుంది.

రేకును ఇనుప దిమ్మ మీద ఆనించి సుత్తితో వరుసలు వరుసలుగా కొడుతూ వస్తారు. వెలుపలి అంచు మెల్లగా లోపలికి ముడుచుకుంటూ లేస్తుంది. కొట్టిన కొద్దీ వెండి బిరుసెక్కుతుంది. అలాగే కొడితే పగులుతుంది. అందుచేత ఒక వరుస పూర్తికాగానే నిప్పులో కాల్చి మెత్తబరచాలి. ఎంత కాల్చాలి? చీకటి మూలలో చూస్తే సన్నని ఎర్రదనం కనబడేంత. అంతకు మించితే లోపలి రాగి ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం కింద బూడిదరంగు మచ్చ కడుతుంది. ఆ మచ్చను తరవాత తీయడం కష్టం. ఇలా కొట్టడం, కాల్చడం పదే పదే జరిగితే తప్ప లోతైన గిన్నె రాదు. ఇప్పుడు చాలా చోట్ల రేకును లేతు యంత్రం మీద తిప్పుతూ చెక్క అచ్చుకు అదిమి నిమిషాల్లో గిన్నె చేస్తున్నారు. అదీ మంచి పనే. కాని చేతిసుత్తి గుర్తులున్న గిన్నెను వేలితో తడిమితే తేడా తెలుస్తుంది.

తర్వాత పిడులు, కాడ, పాదం అతకాలి. ఇందులో ఒక కిటుకు ఉంది. అతుకు లోహాన్ని మూడు రకాలుగా సిద్ధం చేసుకుంటారు. ఒకటి ఎక్కువ వేడికి, ఒకటి మధ్యస్థంగా, ఒకటి తక్కువ వేడికి కరుగుతుంది. మొదటి అతుకు ఎక్కువ వేడిదానితో వేస్తే, తర్వాతి అతుకులు వేసేటప్పుడు అది ఊడిపోదు. అతికేచోట వెలిగారం పూస్తారు. అది కరిగి లోహం మీద పొరలా పరుచుకుని గాలి తగలకుండా కాపాడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. బంగారం విషయంలో కేడీఎం అనే మాట మీరు వినే ఉంటారు. అది కాడ్మియం కలిపిన అతుకు. వెండి అతుకుల్లోనూ కాడ్మియం వాడేవారు. అది తేలిగ్గా కరుగుతుంది, అతుకు శుభ్రంగా వస్తుంది. కాని వేడి చేసినప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గాలి ఆడని చిన్న గదిలో ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్న కంసాలే ఆ పొగను ముందుగా పీలుస్తాడు. పూత వేసే తొట్టిలో వాడే సైనైడ్ లవణాలూ ఇలాంటివే. కప్పు బాగుచేయమని ఇచ్చేటప్పుడు "కాడ్మియం లేని అతుకు వాడండి, ఖర్చు మేం ఇస్తాం" అని చెప్పండి. అది ఒక మనిషి ఆరోగ్యానికి సంబంధించిన మాట.

వెండిపని తెలుగువారికి కొత్త కాదు. ఎలగందులతో, కరీంనగర్‌తో పెనవేసుకున్న వెండితీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. జనగామ దగ్గరి పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకు మీద వెనకనుంచి కొట్టి బొమ్మలు తేల్చుతారు. ఆ పనికీ గుర్తింపు ఉంది. ఎన్నో కప్పుల మీద కనబడే ఉబ్బెత్తు ఆకులు, తీగలు, రాజచిహ్నాలు ఇలాంటి పనితనంతోనే వస్తాయి.

ఉప్పుగాలి చేసే పని

వెండి ఎందుకు నల్లబడుతుంది? చాలామంది తుప్పు అనుకుంటారు. కాదు. గాలిలోని ఆక్సిజన్ ఒక్కటే వెండిని మామూలుగా ఏమీ చేయదు. దాని అసలు శత్రువు గంధకం. గాలిలో అతి కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తేమ సమక్షంలో వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. మొదట లేత పసుపు, తర్వాత గోధుమరంగు, ఊదా, చివరకు నలుపు.

ఇప్పుడు అండమాన్‌ను గుర్తుచేసుకోండి. ఏటా సుమారు మూడువేల మిల్లీమీటర్ల వర్షం. ఏడాది పొడవునా గాలిలో తేమ. తీరం వెంబడి సుమారు 600 చదరపు కిలోమీటర్ల మడ అడవులు. మడ అడవుల బురదలో గాలి అందని చోట బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేట్లను హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తుంది. ఆటుపోటు తీసినప్పుడు వచ్చే కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. ఆ మడ అడవులు దీవులకు రక్షణ కవచం, చేపలకు పుట్టిల్లు. వాటిని తప్పు పట్టలేం. కాని ఆ గాలి వెండికి పడదు.

దీనికి సముద్రపు ఉప్పు తోడవుతుంది. గాలిలో తేలే ఉప్పుకణాల క్లోరైడు వెండి మీద బూడిదరంగు పొర కడుతుంది. స్టెర్లింగ్‌లోని రాగినీ, పూత కింద ఉన్న ఇత్తడినీ అది ఇంకా వేగంగా తింటుంది. పూతలో సూది మొనంత రంధ్రం ఉన్నా అక్కడినుంచి పచ్చని చిలుము బయటికి వస్తుంది. చిలుము కనబడిందంటే ఆ చోట పైపొర తెగిందన్నమాట. అది రుద్దితే పోయే జబ్బు కాదు, రుద్దితే పెరిగే జబ్బు.

కప్పు కింది పీఠాన్నీ మరవకూడదు. అండమాన్ పడౌక్ కలప ఎర్రని రంగుకు, గట్టిదనానికి పేరు పొందింది. 1883లో మొదలైన చాథం రంపపు మిల్లు ఆ కలపను కోసి దేశదేశాలకు పంపింది. అంతటి మంచి కలపైనా తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. పీఠం చుట్టూ గెలిచినవారి పేర్లతో ఉండే వెండి పట్టీలు అప్పుడు వదులవుతాయి. ఇనుప మేకులు కొడితే అవి తుప్పుపట్టి కలపను మరకచేస్తాయి. ఇత్తడి మరలు వాడి, పట్టీకి కొంచెం సందు వదలడం మేలు.

పేర్లే అసలు ఆస్తి

కప్పు విలువ అందులోని లోహంలో లేదు, దాని మీది పేర్లలో ఉంది. దేశంలోని పాత కప్పులను చూడండి. 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్పును 1950లో హైదరాబాద్ పోలీసు జట్టు గెలుచుకుంది. బొంబాయిలో అప్పట్లో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు అదే జట్టు గెలిచింది. దాని వెనక శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నారు. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో మన జట్టుకు స్వర్ణం తెచ్చింది ఆయనే. 1941లో మొదలైన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956లో, 1957లో, ఆంధ్రప్రదేశ్ 1965-66లో గెలిచాయి. అండమాన్ నికోబార్ జట్టు కూడా ఆ పోటీలో ఆడుతుంది. ఈ గెలుపులను మన కళ్ళతో చూసినవారు ఇప్పుడు కొద్దిమందే. చెక్కిన అక్షరం వారికంటే ఎక్కువ కాలం ఉండాలి.

నికోబార్‌లో ఫుట్‌బాల్ ఎంత ప్రాణమో అక్కడికి వెళ్ళినవారికి తెలుసు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కార్ నికోబార్ తీరపు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది ప్రాణాలు పోయిన చోట ఒక కప్పు గురించి మాట్లాడటం చిన్న విషయమే. అయినా ఒక పాఠం ఉంది. ఊరి ఆట చరిత్ర అంతా ఒకే వస్తువు మీద, ఒకే బీరువాలో ఉంటే, ఒకే ఒక్క కెరటం చాలు.

ప్రపంచంలోనూ ఇలాంటి నష్టాలు జరిగాయి. 1895 సెప్టెంబరులో ఇంగ్లండు ఎఫ్.ఏ. కప్పును బర్మింగ్‌హామ్‌లో ఒక దుకాణం కిటికీలో ప్రదర్శనకు పెడితే దొంగలు ఎత్తుకుపోయారు. అది మళ్ళీ దొరకలేదు. అయితే 1893లో గెలిచిన వుల్వర్‌హాంప్టన్ జట్టు ఆటగాళ్ళకు ఆ కప్పు చిన్న నమూనాలు బహుమతిగా ఇచ్చి ఉన్నారు. వాటిని చూసి కొత్త కప్పును అదే రూపంలో చేయగలిగారు. జూల్ రిమే ప్రపంచ కప్పు బంగారు పూత వేసిన స్టెర్లింగ్ వెండిది. ఫ్రెంచి శిల్పి ఆబెల్ లాఫ్లూర్ దాన్ని రూపొందించాడు. రెండవ ప్రపంచయుద్ధంలో ఇటలీ ఫుట్‌బాల్ అధికారి ఒట్టోరినో బరాస్సీ దాన్ని చెప్పుల పెట్టెలో పెట్టి మంచం కింద దాచి కాపాడాడు. అంత జాగ్రత్తగా కాపాడిన కప్పే 1983లో రియో డి జనీరోలో దొంగతనానికి గురై మాయమైపోయింది. నమూనా, కొలతలు, ఫొటో ఉంటే రూపమైనా మిగులుతుంది. అవీ లేకపోతే ఏదీ మిగలదు.

బాగుచేయడంలో పాటించవలసినవి

మొదటి సూత్రం: చేయి వేసే ముందు రాసుకోండి. కప్పును నాలుగు వైపులా ఫొటో తీయండి. ఎత్తు, వెడల్పు, బరువు నమోదు చేయండి. ప్రతి పేరునూ, సంవత్సరాన్నీ అక్షరం తప్పకుండా పుస్తకంలో ఎక్కించండి. మీద పలచని కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దితే చెక్కిన అక్షరాల అచ్చు కాగితం మీదికి వస్తుంది. ఒక ప్రతి బడిలో ఉంటే మరో ప్రతి వేరే ఊరిలో ఉండాలి.

రెండవది: తక్కువ చేయడమే ఎక్కువ మేలు. ముందు మంచినీళ్ళతో కడిగి ఉప్పు వదిలించండి. తర్వాత మెత్తని సుద్దపొడిని స్వేదన జలంలో కలిపి దూదితో తేలిగ్గా తుడవండి. మన ఇళ్ళలో పూజ సామాను విభూతితో తోముతారు. మెత్తని విభూతి ఫరవాలేదు. కాని అందులో గరుకు రేణువులుంటే గీతలు పడతాయి. పళ్ళపొడి, ఇసుక, ఇటుకపొడి మాత్రం ఎన్నడూ వద్దు.

మూడవది: అక్షరాల లోతులోని నలుపును వదిలేయండి. పేరు చదవడానికి ఆ నలుపే ఆసరా. అంతా తెల్లగా చేస్తే పేరు కనబడదు.

నాలుగవది: సొట్ట తీసేముందు పాత మరమ్మతులు చూడండి. ఎవరైనా ఎప్పుడో సీసం అతుకు వేసి ఉంటే, ఆ కప్పును ఎర్రగా కాల్చగానే సీసం వెండిలోకి చొచ్చుకుపోయి రంధ్రాలు చేస్తుంది. ముందు సీసాన్ని పూర్తిగా తీయాలి. ఆ తర్వాతే నిప్పు.

ఐదవది: తిరిగి పూత వేయించడం చివరి మార్గం. పూత వేసేముందు ఉపరితలాన్ని బాగా అరగదీస్తారు, అప్పుడే పేర్లు పోతాయి. తప్పదనుకుంటే పేర్లున్న పట్టీలను విడిగా ఉంచి గిన్నెకు మాత్రమే వేయించండి.

ఆరవది: దాచే పద్ధతి. వార్తాపత్రికలో చుట్టకండి, రబ్బరు బ్యాండు వేయకండి, ఉన్ని గుడ్డ పరచకండి. ఈ మూడింటిలోనూ గంధకం ఉంటుంది. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, మూత బిగువుగా ఉండే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పొట్లాలను అప్పుడప్పుడూ మార్చండి. చేత్తో పట్టుకుంటే చెమటలోని ఉప్పు వేలిముద్రగా మిగిలిపోతుంది, కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. గెలిచిన రోజున మాత్రం పిల్లలను పట్టుకోనివ్వండి. కప్పు అందుకోసమే ఉంది. తర్వాత తుడిచి పెట్టండి, అంతే.

ఇంట్లో చేసి చూడండి

నల్లబడిన, రాళ్ళు పొదగని చిన్న వెండి చెంచా ఒకటి తీసుకోండి. గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరచి, దాని మీద చెంచా తగిలేలా పెట్టండి. ఒక లీటరు వేడినీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి పోయండి. కొద్దిసేపట్లో నలుపు తగ్గుతుంది, సన్నగా కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. కిటికీలు తెరిచి ఉంచండి. ఇక్కడ జరిగిందేమిటి? సిల్వర్ సల్ఫైడులోని గంధకాన్ని వదిలించే పనిని అల్యూమినియం చేసింది, వెండి చెంచా మీదే ఉండిపోయింది. మోటారు చక్రమైతే నలుపుతో పాటు వెండినీ తీసుకుపోయేది. ఈ పద్ధతి కూడా కప్పులకు నేరుగా వాడకండి. అక్షరాల్లోని నలుపు పోతుంది, డొల్ల పిడుల్లోకి నీరు చేరి లోపల నిలిచిపోతుంది. సూత్రం తెలుసుకోవడానికే ఈ ప్రయోగం.

చివరిగా ఆ బడి కప్పు సంగతి. ఆ పెద్దాయనను మర్నాడు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన దగ్గర పాత జట్టు ఫొటో ఒకటి ఉంది. వెనకవైపు పదకొండు పేర్లూ, సంవత్సరమూ రాసి ఉన్నాయి. పోయిన అక్షరాలను మళ్ళీ చెక్కించి పాతవే అన్నట్టు చూపడం నాకు నచ్చలేదు. పీఠానికి కొత్త పట్టీ ఒకటి వేయించి, ఆ పేరు దాని మీద చేతి ఉలితో చెక్కించాము. పక్కన "తిరిగి చెక్కినది" అన్న మాట, ఆ ఏడాది కూడా వేయించాము. ఆయన వచ్చి మళ్ళీ బొటనవేలితో తడిమి చూశారు. ఈసారి వేలికి అక్షరం తగిలింది.

మీ ఊరి బడిలోనో, క్లబ్బులోనో ఇలాంటి కప్పు ఒకటి ఉండే ఉంటుంది. మెరుగు పెట్టించడానికి తీసుకువెళ్ళే ముందు దాని మీది పేర్లు ఒక్కసారి రాసుకోండి. పావుగంట పని.

సెలవు.